ఆందోళన మాత్రలకు వేగమొక్కటే కొలమానమా?

సంపాదకులకు,

గత సంచికలోని వ్యాసం ఆల్ప్రాజోలం, ఎస్సిటాలోప్రాంలను పోల్చి, మొదటిది గంటలోపే పనిచేస్తుందని దానికే ఎక్కువ మార్కులు వేసింది. ఆ లెక్క ఒప్పుకోలేను.

ఎస్సిటాలోప్రాం గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో వికారం, కాస్త కంగారు పెరగడం కూడా ఉంటాయి. ఆ మాట ముందే చెప్పకపోతే రోగి మధ్యలోనే మానేస్తాడు. ఆల్ప్రాజోలం వెంటనే హాయినిస్తుంది, నిజమే. కానీ రోజూ వేసుకుంటే కొన్ని వారాలకే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే నిద్ర పట్టదు, ఫిట్స్ కూడా రావచ్చు. 2020లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ తరగతి మందులన్నిటి మీదా హెచ్చరికను కఠినం చేసింది అందుకే. మన దగ్గర ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మితే దుకాణదారు రిజిస్టరులో రాయాలి. (తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేదీ ఇదే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎందరు ఆసుపత్రుల పాలయ్యారో వ్యాసకర్త మరిచినట్టున్నారు.)

అదే వ్యాసంలో ప్రొప్రనలాల్‌ను మెచ్చుకున్నారు సరే, ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదమని ఒక్క ముక్కైనా రాయలేదు.

ఆల్ప్రాజోలం ఇప్పటికే వాడుతున్నవారు ఈ లేఖ చదివి సొంతంగా ఆపేయొద్దు. డాక్టరును అడిగి మోతాదు మెల్లగా తగ్గించుకోవాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వచ్చే సంచికలో ఆ నంబరైనా వేయండి.

— ఒక పాఠకురాలు, వరంగల్