జన్యుపటం ఎవరి సొత్తు?

మానవుని డి.ఎన్‌.ఏ.ను అక్షరం అక్షరం చదివేశారనగానే మన పెద్దమనుషులు కొందరు నీతిశాస్త్రం విప్పుతారు. సృష్టి రహస్యంలో చెయ్యి పెట్టవచ్చునా, మానవునికి ఇంత అహంకారం తగునా అని వారి విచారం. ఈ విచారంతో నాకు పేచీ ఉన్నది. చదవడం పాపం కాదు. చదివినదానికి కంచె కట్టి సుంకం వసూలు చెయ్యడమే అసలు సమస్య. దాన్ని వదిలి దేవుని హద్దుల గురించి మాట్లాడటం, దొంగను వదిలి దీపాన్ని తిట్టడమే.

కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా రొమ్ము కాన్సరు తెచ్చే జన్యువు సంగతి చూడండి. అది 17వ క్రోమోసోము మీద ఉన్నదని 1990లో చూపించింది మేరీ క్లేర్ కింగ్. ఆమె అప్పుడు బర్క్‌లీలో, అంటే ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, అధ్యాపకురాలు. ఆ జాడ పట్టుకొని పలు దేశాలవారు వెతికారు. 1994లో ఊటా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో కలిసి ముందుగా దాన్ని పట్టుకొన్నది మిరియడ్ అనే కంపెనీ. పట్టుకొని పేటెంటుకు పరుగెత్తింది. అంతే! తన ఒంట్లోని జన్యువులో లోపమున్నదో లేదో తెలుసుకోవాలంటే అమెరికా స్త్రీ ఆ కంపెనీకే 3,000 డాలర్లకు పైగా చెల్లించుకోవలసి వచ్చింది. ఫలితం నిజమేనా అని మరో ప్రయోగశాలను అడిగే వీలు లేదు. చివరకు 2013 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 9 మందీ ఏకగ్రీవంగా, ప్రకృతిలో ఉన్న జన్యువును విడదీసినంత మాత్రాన అది ఎవరి సొంతమూ కాదని తేల్చారు. (ప్రయోగశాలలో తయారుచేసిన నకలుకు పేటెంటు ఉండవచ్చునన్నారు. వాకిలి మూసి కిటికీ తెరిచారన్నమాట!)

పేటెంటు లేనిదే పరిశోధన ఎవడు చేస్తాడని అడుగుతారు. 1990 నుంచి 2003 దాకా జన్యుపటం పని ప్రభుత్వాల సొమ్ముతో, ధర్మనిధులతో సాగింది. చదివినదాన్ని 24 గంటల్లో లోకానికి ఇచ్చెయ్యాలని 1996లో బెర్ముడాలో కూడిన శాస్త్రజ్ఞులు నిర్ణయించుకొన్నారు. జాన్ సల్‌స్టన్ ఆ మాట కోసం పోరాడాడు. 1998లో సెలెరా కంపెనీతో దిగిన క్రెయిగ్ వెంటర్ మాత్రం సమాచారాన్ని చందాదారులకు అమ్మజూచాడు; ఆ కంపెనీ తన పటం కూర్చుకోవడానికి ప్రజల పటాన్నే వాడుకొన్నది సుమా!

మన నీతివేత్తలు వీటన్నిటికీ చెప్పే మందు అంగీకారపత్రం. సంతకం పెడితే సరి! ట్వంటీత్రీ అండ్ మీ అనే కంపెనీకి డబ్బు కట్టి మరీ తమ ఉమ్మి పంపినవారు సుమారు కోటిన్నర మంది. 2025 మార్చిలో అది దివాలా తీసింది. ఆ జన్యు సమాచారం బల్లలూ కుర్చీలతోపాటు ఆస్తుల జాబితాకెక్కి, మాజీ అధిపతి పెట్టిన సంస్థకే 30.5 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. పోనీ, అన్న సంతకం పెట్టాడు. దానితో తమ్ముడి గుట్టు కూడా సగం బయటపడుతుందే, తమ్ముణ్ణి ఎవరడిగారు?

ఇది పరాయి గొడవ కాదు. 2025 జనవరిలో మన ప్రభుత్వం 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలను ఫరీదాబాదులోని కేంద్రం ద్వారా పరిశోధకులకు తెరిచింది. ఆ పనిలో మన హైదరాబాదు సి.సి.ఎం.బి.కీ పాలున్నది. నేను హర్షిస్తున్నాను. అయితే రక్తమిచ్చినవారిలో గిరిజనులున్నారు, ఏ మందూ కొనే స్తోమతు లేనివారున్నారు. మందు బజారుకు వచ్చాక అడిగితే పేటెంటు కాగితం చూపిస్తారు. కనుక ఆ సమాచారం వాడుకొని చేసే మందు ధర ఎంతకు మించరాదో ఒప్పందంలోనే రాయాలని మన జీవశాస్త్ర అధ్యాపకులు, విద్యార్థులు ఇప్పుడే అడగాలి.