మన రక్తానికి నమ్మకమైన పరీక్ష వద్దా?



సిటీ ల్యాబులు ఐఎస్ఓ 15189 ప్రమాణంతో వచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపును బోర్డు మీద రాసుకుంటాయి. మన ఏజెన్సీలో ఆ ఊసెత్తేదెవరు?

2023 జులై 1న సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. మంచిదే. కానీ సాల్యుబిలిటీ పరీక్ష జబ్బా, క్యారియరా అన్నది తేల్చదు. హెచ్‌పీఎల్‌సీ లాంటి నిర్ధారణ పరీక్ష కావాలి. రిపోర్టు తప్పయితే మందు అందాల్సిన బిడ్డకు అందదు, లేని జబ్బు పేరుతో పెళ్లిళ్లు చెడతాయి.

'అడవిలో ఇంతకంటే ఏం కుదురుద్ది' అనేవాళ్లకు మా జవాబు ఒక్కటే. కంట్రోల్ శాంపిల్‌తో మిషన్‌ను రోజూ సరిచూడటానికి, బయటి నుంచి పంపిన శాంపిళ్లతో ల్యాబుకే పరీక్ష పెట్టడానికి కార్పొరేట్ హంగులు అక్కర్లేదు. బడ్జెట్, బాధ్యత చాలు.

నిర్ధారణ చేశారా, క్వాలిటీ రిజిస్టరు ఏదని అడుగుదాం. ప్రతి ఐటీడీఏ పరిధిలో గుర్తింపు ఉన్న ల్యాబు కావాలని గ్రామసభల్లో తీర్మానిద్దాం.

జై ఆదివాసీ!