ఓట్స్ పాలు వెతికే ముందు మన రాగి జావ గిన్నెలోకి ఒకసారి చూద్దాం



ఈ వీడియోలో ఓట్స్ పాలు, రాగి పాలు రెండూ పక్కపక్కనే చేసి చూపించాను. వీడియోలో చెప్పడానికి కుదరని మాటలు కొన్ని మిగిలాయి, అవి ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

మా గూడూరు నుంచి చెన్నై మూడు గంటల దారి కూడా లేదు. మా బియ్యం, వేరుశనగ నూనె, నిమ్మకాయలు తీసుకునేవాళ్లలో చాలామంది అక్కడివాళ్లే. రెండేళ్లుగా వాళ్లు అడిగేది ఒకటే మాట: "అన్నా, ఓట్ మిల్క్ చేస్తారా? ప్రకృతి వ్యవసాయంలో పండించిన ఓట్స్ దొరుకుతాయా?" వాళ్లు అడుగుతున్నారని మన కుర్ర రైతులు కొందరు ఓట్స్ విత్తనం ఎక్కడ దొరుకుతుందని నన్ను అడగడం మొదలుపెట్టారు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఓట్స్ పాలు చెడ్డవి కావు. కానీ వాటిని చేసే పద్ధతిలో ఉన్న అసలు కిటుకు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ కిటుకును మన గింజకు వాడుకుంటే చాలు, గింజను మార్చాల్సిన పని లేదు.

ఓట్స్ మన నేల పంట కాదు

ఓట్స్ చలి పంట. మన దేశంలో పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ వైపు రబీలో వేస్తారు, అదీ ఎక్కువగా పశుగ్రాసం కోసం. అక్కడ దీన్ని 'జై' అంటారు. మనం డబ్బాల్లో కొనే ఓట్స్‌లో చాలా భాగం ఆస్ట్రేలియా లాంటి దేశాల నుంచి ఓడల్లో వస్తుంది. మా కోట, వాకాడు, చిల్లకూరు వైపు ఇసుక నేలల్లో, సముద్రపు ఉప్పుగాలిలో, సంక్రాంతి దాటగానే మొదలయ్యే ఎండల్లో ఓట్స్ గింజ కట్టించాలనుకోవడం మన కష్టాన్ని మనమే పెంచుకోవడం. ఏ నేలకు ఏ పంటో చూసి వేయడమే ప్రకృతి వ్యవసాయంలో మొదటి పాఠం.

ఫ్యాక్టరీలో ఏం చేస్తారు

ఓట్స్ పాలు ఇప్పుడు వ్యాపారంగా నడుస్తున్న తీరు స్వీడన్‌లో పుట్టింది. లుండ్ విశ్వవిద్యాలయంలో రికార్డ్ ఓస్టే అనే ఆహార శాస్త్రవేత్త 1990ల మొదట్లో దీన్ని తయారుచేశాడు. పాలు అరగనివాళ్లకు ప్రత్యామ్నాయం కావాలనే ఆలోచనతో మొదలైన పని అది. ఓట్లీ కంపెనీ అందులోంచే వచ్చింది.

పద్ధతి ఇదీ. ఓట్స్‌ను నీళ్లతో కలిపి రుబ్బుతారు. వేడి చేసి అమైలేజ్ అనే ఎంజైమ్ కలుపుతారు. అది పిండి పదార్థాన్ని ముక్కలు చేసి మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. గంజిలా చిక్కబడాల్సినది పాలలా పల్చగా, తియ్యగా అవుతుంది. తర్వాత పిప్పి తీసేస్తారు. చాలా కంపెనీలు నూనె, ఉప్పు, కాల్షియం, విటమిన్ డి, బి12 కలుపుతాయి. ఎక్కువ వేడిలో కొన్ని సెకన్లు మరిగించి ప్యాక్ చేస్తాయి.

ఇంట్లో మన దగ్గర ఆ ఎంజైమ్ ఉండదు కాబట్టి పద్ధతి వేరు. ఒక కప్పు ఓట్స్, నాలుగు కప్పుల చల్లటి నీళ్లు, చిటికెడు ఉప్పు మిక్సీలో వేసి అర నిమిషం మించకుండా తిప్పాలి. పల్చటి నూలు గుడ్డలో వడకట్టాలి, గట్టిగా పిండకూడదు. ఎక్కువసేపు తిప్పినా, నానబెట్టినా, గుడ్డను పిండినా జిగట వస్తుంది. పొయ్యి మీద పెడితే గంజి అయిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తాగేయాలి.

పోషకాల లెక్క నిజాయితీగా చూద్దాం

ఓట్స్‌కు మంచి పేరు తెచ్చింది బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు. రోజుకు 3 గ్రాములు తీసుకుంటే చెడు కొలెస్ట్రాల్ తగ్గడానికి సాయపడుతుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లోనే ఓట్స్ ప్యాకెట్ల మీద గుండె ఆరోగ్యం గురించి రాసుకోవడానికి అనుమతి ఇచ్చింది. అది నిజమే.

కానీ లెక్క చూడండి. వంద గ్రాముల ఓట్స్‌లో బీటా గ్లూకాన్ సుమారు 4 గ్రాములు. లీటరు ఓట్స్ పాలకు పట్టేది ఇంచుమించు ఆ వంద గ్రాములే. అంటే ఒక గ్లాసులో, అంతా పాలలోకి దిగినా ఒక గ్రాము దాటదు. కొంత పిప్పిలో ఉండిపోతుంది. అదే ఓట్స్‌ను జావ కాచుకుని తాగితే ఏదీ పోదు.

మాంసకృత్తులు చూస్తే ఆవు పాలు గ్లాసుకు 6 గ్రాముల పైన ఇస్తాయి, ఓట్స్ పాలు 2 గ్రాములు. కాల్షియం లీటరు ఆవు పాలలో సుమారు 1,200 మిల్లీగ్రాములు. ఇంట్లో చేసిన లీటరు ఓట్స్ పాలలో 50 కూడా కష్టం. ప్యాకెట్ మీద కాల్షియం ఎక్కువ కనిపిస్తే అది బయటినుంచి కలిపినది. కలపడం తప్పని నేను అనను, గింజలోనే ఉందని అనుకోవద్దు అంటున్నాను.

ఇక మన రాగుల సంగతి. కాల్షియానికి రాజు రాగి అని మనమే ఊరూరా చెబుతాం. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ధాన్యాల్లో దీనికి సాటి లేదు. కానీ ఆ వంద గ్రాములతో లీటరు రాగి పాలు తీస్తే, ఒక్క చుక్క కాల్షియం పిప్పిలో పోలేదనుకున్నా, ఆవు పాలలో మూడో వంతు కూడా రాదు. కాబట్టి ఓట్స్ పాలను విమర్శించే నోటితోనే రాగి పాలను ఆకాశానికి ఎత్తకూడదు. వడకట్టే గుడ్డ ఏ గింజకైనా ఒకటే, కొంత బలాన్ని ఆపేస్తుంది. నా సలహా, వడకట్టకుండా తాగగలిగితే అలాగే తాగండి.

మా ఇంట్లో తేలిన సంగతి

ఎంజైమ్ గురించి చదివి మా ఆవిడకు చెబుతుంటే ఆమె నవ్వింది. "ఏందయ్యా ఇది, మొలకల పిండి ఒక చెంచా వేస్తే జావ పల్చబడుద్దని మా అమ్మ చెప్పేది గదా!" అంది. అదే జరుగుతుంది. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిని కరిగించుకోవడానికి అమైలేజ్‌ను తానే తయారుచేసుకుంటుంది. స్వీడన్‌లో ఎంజైమ్ కలిపి చేసిన పని మన మొలక రాగి దానంతట అదే చేస్తుంది.

చేసి చూడండి. రాగులు ఒక రాత్రి నానబెట్టి, నీళ్లు వంచేసి, తడి గుడ్డలో మూట కట్టండి. మా ఎండలకు ఒక రోజులో మొలక వస్తుంది. నీడలో ఆరబెట్టి, వేరు మొలకలు నలిపి తీసేసి, వేయించకుండా పిండి పట్టండి. వేయిస్తే వాసన బాగుంటుంది గానీ ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకే రెండు డబ్బాలు పెట్టుకోవాలి: మామూలు రాగి పిండి ఒకటి, వేయించని మొలక పిండి ఒకటి. మామూలు పిండితో చిక్కగా జావ కాచి, దించి, 60 నుంచి 65 డిగ్రీల వేడికి రానివ్వండి. అందులో ఒక చెంచా మొలక పిండి కలిపి మూత పెట్టండి. పది పదిహేను నిమిషాల్లో గరిటె నిలబడే జావ తాగేంత పల్చగా అవుతుంది, కాస్త తియ్యదనం కూడా వస్తుంది. మళ్లీ ఒక పొంగు రానిచ్చి దించండి. మొలక పిండి పచ్చిది కాబట్టి ఈ రెండో కాగు తప్పనిసరి. ఇందులో పిప్పి లేదు, పారేసేది లేదు. మొలకెత్తించడం వల్ల కాల్షియం, ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు కూడా తగ్గుతాయి. పాలు కలపని జావలో చల్లారాక గూడూరు నిమ్మకాయ అర చెక్క పిండితే, ఆ సి విటమిన్‌తో ఇనుము ఇంకా బాగా పడుతుంది.

ఒక హెచ్చరిక. ఓట్స్ పాలలోనైనా, ఈ జావలోనైనా పిండి చక్కెరగా మారింది. షుగర్ ఉన్నవాళ్లు 'చిరుధాన్యం కదా' అని గ్లాసులకు గ్లాసులు తాగకూడదు. వాళ్లకు సంగటి ముద్ద, పప్పుతోనో ఆకుకూరతోనో, కొలతగా తినడం మేలు.

మాంసకృత్తులు కావాలంటే మన ఇసుక నేలల వేరుశనగ ఉంది. వంద గ్రాముల గింజల్లో 25 గ్రాముల దాకా ఉంటాయి. నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, వడకట్టి, పది నిమిషాలు కలుపుతూ మరిగిస్తే పాలు తయారు. పిప్పి పచ్చడిలోకి పనికొస్తుంది. ఇదీ కొత్త సంగతి కాదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వేరుశనగ మాంసకృత్తులను పాలతో కలిపి 'మిల్టోన్' అనే పానీయాన్ని ఎప్పుడో తయారుచేసింది. పాల కొరత ఉన్న రోజుల్లో ఉన్న పాలను ఎక్కువమందికి అందించాలని చేసిన పని అది. అయితే బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి ఒక్కటి కూడా పడకుండా ఏరాలి. బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ విషం మరిగించినా పోదు. వేరుశనగ పడనివాళ్లు దీని జోలికి పోకూడదు.

నేను చింపేసిన లేబుల్

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మొదట్లో నేను కూడా రాగి పాలు సీసాల్లో పోసి అమ్మాను. లేబుల్ మీద 'ఆవు పాలకు బదులు, కాల్షియం నిండుగా' అని రాయించాను. ఒక రోజు చెన్నై నుంచి ఒక చెల్లెమ్మ ఫోన్ చేసింది. "అన్నా, మా పాపకు పది నెలలు. మీ లేబుల్ చూసి డబ్బా పాలు మానిపించి రెండు వారాలుగా ఇవే పడుతున్నాను. పాప బరువు పెరగడం లేదు" అంది. నాకు చేతులు చల్లబడ్డాయి. వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నాను. పాప బాగానే ఉంది, దేవుడి దయ. ఆ రాత్రే మిగిలిన లేబుళ్లన్నీ చింపేశాను.

ఏడాదిలోపు బిడ్డకు తల్లి పాలో, డాక్టరు చెప్పిన పాలో ప్రధానం. ఓట్స్ పాలు, రాగి పాలు, కొబ్బరి పాలు ఏవీ వాటికి బదులు కావు. ఆరు నెలలు నిండాక రాగి జావ అదనపు ఆహారంగా పెట్టవచ్చు. ఈ మాట మన సరుకు కొనే ప్రతి తల్లికీ మనమే చెప్పాలి.

చట్టం కూడా దీన్ని పట్టించుకుంది. మొక్కల నుంచి తీసిన పానీయాల లేబుల్ మీద 'పాలు' అనే మాట వాడకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ చెబుతోంది. 2021లో ఆన్‌లైన్ అమ్మకాల నుంచి అలాంటివి తీసేయమని ఆదేశించింది కూడా. కొబ్బరి పాల లాంటి పాత వాడుకకు మినహాయింపు ఉంది. అప్పట్లో నాకిది రైతు మీద పెత్తనంలా అనిపించింది. ఆ ఫోన్ వచ్చాక అర్థమైంది, పేరు చూసే జనం నమ్ముతారని. ఇప్పుడు మేం సీసాలు మానేశాం. పిండి మాత్రమే అమ్ముతున్నాం, ప్యాకెట్ మీద 'మొలకెత్తిన రాగి పిండి' అనే ఉంటుంది.

మరి మన ఆవు సంగతి?

ఓట్స్ పాలు తాగేవాళ్లలో కొందరు ఆవే వద్దంటారు. వాళ్ల నమ్మకం వాళ్లది. మనకు మాత్రం ఎకరాకు జీవామృతం కలపాలంటే పది కిలోల పేడ, మూత్రం కావాలి. పాలు ఆ తర్వాతి సంగతి. నాటు ఆవు ఇచ్చేదే రెండు మూడు లీటర్లు, అందులో దూడ వాటా పోవాలి. ఇంట్లో పొద్దున పూట జావ అలవాటైతే ఆ దూడకు ఇంకో అర లీటరు మిగులుతుంది. మొక్కల పాలను నేను ఈ లెక్కలో చూస్తాను. ఆవుకు పోటీగా చూడను, దూడకు తోడుగా చూస్తాను. ఇక పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాళ్లకు ఇవి ఎలాగూ మేలే.

ఆఖరుగా డబ్బు మాట. షాపులో లీటరు ఓట్స్ పాలు రెండు మూడు వందలు పలుకుతున్నాయి. అందులో ఉన్న గింజ వంద గ్రాములు. మిగతాది నీళ్లు, ప్యాకెట్, రవాణా, ప్రచారం. 2025-26కు రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, అంటే కిలో 49. రాగులుగా అమ్మితే మనకొచ్చేది అది. మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి పట్టి అమ్మితే ఆ పని కూలి, లాభం మన ఇంటి ఆడవాళ్ల చేతికే వస్తాయి. దానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు, శుభ్రత కావాలి, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కావాలి, లేబుల్ మీద నిజం కావాలి.

కాబట్టి ఓట్స్ విత్తనం అడిగిన తమ్ముళ్లకు నా జవాబు: ఈసారి నవధాన్యాలతో పాటు ఒక పది సెంట్లు విడిగా రాగి నారు పోసి నాటండి. తిరుపతి దగ్గర పెరుమాళ్లపల్లె పరిశోధన స్థానం నుంచి వచ్చిన వకుళ లాంటి రకాలు మన వాతావరణానికి నప్పుతాయి. పండిన దాంట్లో ముందు మీ ఇంట్లో నెల రోజులు జావ తాగండి. మీ పిల్లలు గిన్నె ఖాళీ చేస్తే, అప్పుడు పక్కింటివాళ్లకు అమ్మండి.

జై కిసాన్.