నగరానికి ఐదు, ఏజెన్సీకి సున్నా: జీవో 142ను సభ ఎప్పుడు చూస్తుంది?



ముందుగాల మా తమ్ముని సంగతి చెప్త. తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. ఊరు తిర్యాణి మండలం, పని జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక ప్లాస్టిక్ కంపెనీల. వానికి సికిల్ సెల్. మొన్న చలికాలం నైట్ డ్యూటీలో కాళ్లు, నడుము పట్టేసి ఒకటే నొప్పి. ఇద్దరం కలిసి దగ్గర్లున్న ఓ సర్కారు దవాఖానకు పోయినం. నొప్పికి గోళీలు ఇచ్చిన్రు, కాదనను. రోజూ వేసుకునే మందు అడిగితే మాత్రం "కార్డు ఎక్కడ చేయించుకున్నవో ఆ జిల్లాకు పో" అన్నరు. రెండు రోజుల కూలి పోగొట్టుకుని ఊరికి పోతే "నువ్వు ఊర్లె ఉంటలేవు కదా, లిస్టుల పేరు తీసేసినం" అన్నరు.

ఆ ఇద్దరు ఉద్యోగుల మీద నాకు కోపం లేదు. వాళ్ల ముందరి రిజిస్టర్‌కు హద్దు ఎవరు గీసిన్రు, ఎవరిని అడిగి గీసిన్రు? నా లొల్లి అంతా అదే.

2016 అక్టోబర్ 11, దసరా నాడు మన రాష్ట్రంలో 10 జిల్లాలు 31 అయినయి. ఆదిలాబాద్ నాలుగు ముక్కలైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్. ఉట్నూరు ఐటీడీఏ మాత్రం ఒక్కటే మిగిలింది. ప్రాజెక్ట్ ఆఫీసర్ ఒక్కరు, కలెక్టర్లు నలుగురు, జిల్లా వైద్యాధికారులు నలుగురు. తిర్యాణిలో ఏఎన్ఎం పోస్టు ఖాళీగా ఉంటే ఉట్నూరు గడప తొక్కాల్నా, ఆసిఫాబాద్ గడప తొక్కాల్నా? ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపిస్తది, మనం బస్సు ఎక్కుతం. ఏటూరునాగారం వాళ్లది ఇంకా విచిత్రం. 2016 వరకు వరంగల్ జిల్లా, ఆ దసరాకు జయశంకర్ భూపాలపల్లి, 2019 ఫిబ్రవరిలో ములుగు. ఉన్న ఇంట్లోనే ఉన్నరు, మూడేండ్లు తిరక్కముందే మూడు జిల్లాలు చూసిన్రు.

ఈ పనంతా 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద నోటిఫికేషన్లతో అయిపోయింది. ఆగస్టు 22న ముసాయిదా పెట్టి, 30 రోజులు గడువిచ్చి, ఆన్‌లైన్‌లో అభ్యంతరాలు చెప్పుమన్నరు. సిగ్నల్ కోసం చెట్టెక్కే గూడేనికి ఆన్‌లైన్!

ఇక 2023 జూలై. జీవో 142తో ప్రజారోగ్య శాఖను పునర్వ్యవస్థీకరించిన్రు. పోస్టులు ఇక్కడివి అక్కడ, అక్కడివి ఇక్కడ సర్దిన్రు. జీవో రద్దు చేయాలని ఉద్యోగ సంఘాలు రోడ్డెక్కినయి. అందులో ఒక లెక్క ఉంది, జర చూడండి. డీఎంహెచ్‌ఓలు 33 నుంచి 38 అయిన్రు. పెరిగిన ఐదు పోస్టులూ జీహెచ్ఎంసీ పరిధికే. ఇంతమంది జనానికి ఒక్క అధికారి సరిపోడు కాబట్టి పెంచిన్రు. సరే, జీడిమెట్ల బస్తీల్లో బతికే వాడిగా నేనూ ఒప్పుకుంట. మరి నాలుగు జిల్లాల్లో చెదిరిపోయిన ఉట్నూరు ఏజెన్సీకి? భద్రాచలానికి? 33కు ఐదు కలిపితే 38. ఆ కూడికలో ఏజెన్సీ వాటా సున్నా. నగరానికి జనాభా ఒక కారణమైతే, కొండకు దూరం ఎందుకు కారణం కాదు? ఈ ప్రశ్న అడగాల్సిన జాగా శాసనసభ. జీవో వచ్చే ముందు దాన్ని అక్కడ పెట్టలేదు.

అధికారులు ఏమంటరో తెలుసు. "పోస్టుల సర్దుబాటు పరిపాలన విషయం, 162వ అధికరణం కింద ప్రభుత్వానికి అధికారం ఉంది." ఉంది, ఎవరు కాదన్నరు? కానీ అదే శాఖలో ఇంకో సంస్థను చూడండి. జిల్లా, ఏరియా ఆసుపత్రులు నడిపే వైద్య విధాన పరిషత్ 1986లో చట్టం చేసి పెట్టింది. దాన్ని రద్దు చేసి నేరుగా ప్రభుత్వ శాఖలో కలపాలంటే సభలో బిల్లు పెట్టక తప్పదు. ఐటీడీఏకు ఆ రక్ష లేదు. అయిదో పంచవర్ష ప్రణాళిక కాలంలో గిరిజన ఉపప్రణాళికతో వచ్చిన ఏర్పాటు అది, శాసనసభ చట్టంతో పుట్టింది కాదు. అందుకే దాని అధికారాలు కత్తిరించాలన్నా, పోస్టులు ఖాళీగా ఉంచాలన్నా ఒక ఫైలు మీద సంతకం చాలు.

"గిరిజన సలహా మండలి ఉంది కదా" అంటరు. అయిదో షెడ్యూల్ నాలుగో పేరా చదవండి. ఇరవై మందికి మించని మండలి, అందులో దాదాపు మూడొంతులు ఎస్టీ ఎమ్మెల్యేలే. కానీ గవర్నర్ పంపిన విషయాల మీదే సలహా చెప్పడం దాని విధి. పంపకపోతే? చెప్పేదేం లేదు. అడిగినప్పుడే నోరు తెరిచే మండలిని మనకు కాపలా అని చూపిస్తున్నరు.

అందుకే నా కోపం సగం మనోళ్ల మీదనే. 119 మందిలో ఎస్టీ స్థానాల నుంచి 12 మంది ఉన్నరు. ఎస్టీ సంక్షేమంపై శాసనసభా కమిటీ ఉంది. ఆ కమిటీ వైద్య, గిరిజన సంక్షేమ, స్త్రీ శిశు సంక్షేమ శాఖల కార్యదర్శులను కూర్చోబెట్టి అడగాలె: మీ సర్దుబాట్ల తర్వాత ఏజెన్సీ పీహెచ్‌సీల్లో ఎన్ని పోస్టులు తగ్గినయి, ఎన్ని పెరిగినయి? మండలాల వారీగా లెక్క తెచ్చి సభ ముందు పెట్టుమనాలె. పార్లమెంటులో 1993 నుంచి శాఖల వారీ స్థాయీ సంఘాలు ఉన్నయి. కేరళ శాసనసభలో 1980 నుంచే సబ్జెక్ట్ కమిటీలు ఉన్నయి, బడ్జెట్ పద్దులు వాటి చేతుల మీదుగా పోతయి. ఇదేం కొత్త వింత కాదు.

ఇకమీద షెడ్యూల్డ్ ప్రాంతాన్ని తాకే ఏ పునర్వ్యవస్థీకరణ జీవో అయినా, ముసాయిదాగా ఉన్నప్పుడే సలహా మండలికీ, ఆ కమిటీకీ పోవాలె. సభ చర్చించాకే అమలు కావాలె. ఏడాది తిరిగాక ఏం జరిగిందో మళ్లీ సభకే చెప్పాలె. ఇంకోటి, నాలాగ పని కోసం జీడిమెట్లకో, పటాన్‌చెరుకో వచ్చిన ఆదివాసీ ఏ అధికారి లెక్కలోకి వస్తడో అందులో రాసి ఉండాలె. 2023 జూలై 1న కేంద్రం 2047 నాటికి సికిల్ సెల్ లేకుండా చేస్తమని మిషన్ ప్రకటించింది. జిల్లా దాటితే ఆగిపోయే మందుతో అదెట్ల అయితది?

ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్ ఓటర్లు మీ ఎమ్మెల్యే ఫోన్ నంబర్ తీయండి. జీవో 142 మీద సభలో ఒక్క ప్రశ్నన్నా వేసిన్రా అని అడగండి. ఏం చెప్పిన్రో కింద రాయండి. మా తమ్ముడు వచ్చే సోమవారం మళ్లీ సెలవు పెట్టి ఊరికి పోతున్నడు, లిస్టుల పేరు ఎక్కించుకునేటందుకు.