సంతకం పెట్టాం సరే, దేనికి పెట్టామో తెలుసా?

పోస్టు కాస్త పొడుగ్గా ఉంది, ఓపిగ్గా చివరిదాకా చదవండి. చదివాక ఇంట్లో ఆడవాళ్లకు కూడా వినిపించండి. ఇది ముఖ్యంగా వాళ్ల ఒంటికి సంబంధించిన విషయం.

ముందు మన సంగతే మాట్లాడుకుందాం. వరి విత్తనం సంచి కొనడానికి సింధనూరు వెళ్తే షాపువాణ్ణి ఎన్ని ప్రశ్నలతో తినేస్తాం? ఎన్ని రోజుల పంట, దోమకు తట్టుకుంటుందా, పోయినేడు ఎవరు వేశారు, ఎకరాకి ఎన్ని సంచులు దిగాయి అని అడుగుతాం. అతను చెప్పింది నమ్మకుండా ఇంకో రెండు షాపులు తిరుగుతాం. వేసినవాళ్ల పొలం గట్టుమీద నిలబడి కంకి నలిపి చూసి వస్తాం. ట్రాక్టరు కొనాలంటే నెల రోజులు చర్చ.

అదే మనం ఆసుపత్రికి వెళ్తే? "మీరే చూసుకోండి డాక్టరు గారూ, మాకేం తెలుసు" అని చేతులు కట్టుకుని నిలబడతాం. మన నోటినుంచి వచ్చే ప్రశ్నలు రెండే: ఎంతవుతుంది, ఎప్పుడు చేస్తారు. ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, చేయకపోతే ఏమవుతుంది అని అడిగేవాళ్లు వందలో ఎందరున్నారో ఎవరి గుండెమీద వాళ్లు చెయ్యి వేసుకుని చెప్పాలి.

ఈ మధ్య మా ఇళ్లల్లోనే జరిగింది చెప్తాం. పేర్లు, ఊళ్లు అనవసరం. ముప్పై రెండేళ్ల అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. తెల్లబట్ట, నడుం నొప్పి. స్కానింగ్ తీశారు. "నీటి బుడగలున్నాయి, గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది, ఉంచుకుంటే ముందు ముందు క్యాన్సర్ రావచ్చు" అన్నారు. క్యాన్సర్ మాట వినగానే ఇంట్లో అందరి కాళ్లూ చల్లబడ్డాయి. ఎలాగూ కోతలయ్యాయి, చేతిలో నాలుగు డబ్బులున్నాయి, ఇప్పుడే చేయించేద్దామన్నారు మగవాళ్లు. అడ్వాన్సు కట్టేశారు. భర్త ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టేశాడు. అందులో ఏముందో అతనికీ తెలియదు, ఆ అమ్మాయికి అసలు చూపించనే లేదు. ముందురోజు రాత్రి ఆ పిల్లే ఏడ్చి గోల చేస్తే ఇంకో డాక్టరమ్మకు చూపించారు. ఆమె పరీక్ష చేసి, ఇది ఇన్ఫెక్షన్, భార్యాభర్తలిద్దరూ మందులు వాడాలని రాసిచ్చింది. క్యాన్సర్ భయం తీరడానికి గర్భాశయ ముఖద్వారం పరీక్ష కూడా చేసింది. ఇప్పుడు ఆ అమ్మాయి నాట్లకు వెళ్తోంది.

ఆ పిల్ల ఏడవకపోతే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. కేంద్ర ప్రభుత్వం చేయించే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో, మళ్లీ 2019-21లో ఈ లెక్క తీసింది. దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు సుమారు 3 శాతం. ఆంధ్ర, తెలంగాణల్లో ఆ లెక్క 8 శాతం అటూఇటూ, దేశంలో అన్నిటికంటే పైన. మన తాతలు, నాన్నలు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు చూసుకుని ఇక్కడికొచ్చి క్యాంపులు వేసుకున్నారు. నాగలితోపాటు అక్కడి అలవాట్లూ తెచ్చుకున్నాం. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా ఆ సంచితో పనేముంది" అనే మాట మన క్యాంపుల్లో ఎవరు వినలేదు?

పని ఉంది. చిన్న వయసులో గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే నెలసరి ఆగిపోయే దశ ఒక్కసారిగా మీద పడుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం, అన్నీ ముందుగా వస్తాయి. అండాశయాలు ఉంచినా కొందరిలో ఆ దశ తొందరగానే వస్తుంది. తెల్లబట్టకు చాలామందికి మందులు చాలు. ఎక్కువ రక్తస్రావానికి మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోను లూప్ ఉంది. గడ్డలుంటే కొందరికి గడ్డ వరకే తీసి సంచి ఉంచవచ్చు. క్యాన్సర్ అయినప్పుడు, గర్భసంచి బాగా జారినప్పుడు, మందులకు లొంగని రక్తస్రావం ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆపరేషన్ అవసరమే. అప్పుడు వెనకాడకూడదు. మేము ఆపరేషన్ వద్దనడం లేదు. తెలుసుకోకుండా వద్దంటున్నాం.

"డాక్టరును ప్రశ్నించడానికి మనమెవరం" అనేవాళ్లకు దేశ అత్యున్నత న్యాయస్థానమే జవాబు చెప్పింది. 2008 జనవరి 16న సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల మహిళ జబ్బేమిటో తెలుసుకునే లాప్రోస్కోపీ పరీక్షకు ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన ఒప్పుదల ఆపరేషన్‌కు ఒప్పుదల కాదని, ప్రాణాపాయం లేనప్పుడు పెద్దమనిషైన రోగి బదులు తల్లి చెప్పిన మాట చెల్లదని కోర్టు తేల్చింది. డాక్టరుకు దురుద్దేశం ఉందని కోర్టు అనలేదు. అయినా 25 వేల రూపాయలు పరిహారం ఇవ్వమంది. ఇక్కడే ఆగి ఆలోచించండి. మంచి మనసుతో చేసినా అడక్కుండా చేయకూడదు. తల్లి మాటే చెల్లనప్పుడు భర్త, మామ, బావగారు పెట్టే సంతకం ఏపాటిది?

2023 ఏప్రిల్ 5న ఇంకో తీర్పు వచ్చింది. రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో అవసరం లేకుండా గర్భసంచులు తీస్తున్నారని డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిటిషన్ అది. కేసు వేసిందీ ఒక డాక్టరే, గుర్తుపెట్టుకోండి. అనవసర ఆపరేషన్ల మీద కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలుచేయాలని కోర్టు ఆదేశించింది. ఆ లెక్క కర్ణాటకకూ వర్తిస్తుంది, మన రాయచూరు జిల్లాకూ వర్తిస్తుంది.

ఒకరి బదులు ఇంకొకరు సంతకం పెట్టేస్తే ఏమవుతుందో తెలుగునేల ఖమ్మంలో చూసింది. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే టీకాను ఆ జిల్లాలో వేల మంది ఆడపిల్లలకు ప్రయోగాత్మకంగా వేశారు. ఎందరో గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. గొడవై 2010లో ఆ కార్యక్రమం ఆగింది, 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుబట్టింది. టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. కానీ ఇంటికెళ్లి చెప్పి, ఒప్పించి వేయలేదు కాబట్టి మంచి టీకా మీదే అనుమానం మిగిలింది.

ఇక మనవాళ్లు చెప్పే సాకులు.

"అడిగితే డాక్టరుకు కోపమొస్తుంది." కొందరికి రావచ్చు. గుమ్మం దాకా క్యూ ఉంటే ఎవరికైనా విసుగు సహజం. అందుకే ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి, మర్యాదగా అడగండి. ఓపిగ్గా చెప్పే డాక్టరు దొరికితే పదిమందికి చెప్పండి. ఎంత అడిగినా చెప్పకుండా కసిరే చోట మన ఆడపిల్ల కడుపు కోయించుకోవడం ఎందుకు?

"మాకు చదువు లేదు." ఒంట్లో నొప్పి ఎక్కడో, ఇంట్లో పని ఎంతో, ఎన్నాళ్లు మంచం మీద ఉండగలమో డాక్టరుకు తెలియదు, మనకే తెలుసు. వైద్యం ఆయనకు తెలుసు. రెండూ కలిస్తేనే సరైన నిర్ణయం.

"కాగితం ఇంగ్లీషులో, కన్నడంలో ఉంటుంది." నిజమే. మన పెద్దలు సంతలో కన్నడం గడగడా మాట్లాడతారు, చదవమంటే తడుముకుంటారు. కానీ మన పిల్లలు ఇక్కడి బడుల్లో చదివినవాళ్లే కదా. వాళ్లను వెంట తీసుకెళ్లండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టనని చెప్పడం తప్పు కాదు.

"మా ఆర్‌ఎంపీ చెప్పాడు కాబట్టి వెళ్లాం." అర్ధరాత్రి పిలిస్తే వస్తాడు, ఆ గౌరవం ఉంచండి. కానీ రోగిని పంపినందుకు కమీషన్ ఇచ్చినా, పుచ్చుకున్నా తప్పేనని డాక్టర్ల మీద ఉన్న 2002 నిబంధనలే చెబుతున్నాయి. ఎవరు ఎక్కడికి ఎందుకు పంపుతున్నారో అడిగే హక్కు మనకుంది.

రెండో వైపు కూడా చెప్పాలి. వాట్సాప్‌లో వచ్చిన కషాయం చూసి బీపీ మాత్రలు మానేసేవాళ్లూ మనలోనే ఉన్నారు. డాక్టర్లందరూ దొంగలని తిట్టి పసరు వైద్యానికి పోవడం తెలివి కాదు. మానేయాలనిపిస్తే ఆ మాటే డాక్టరుతో చెప్పండి. ఇంకో మాట: పాము కాటు, గుండెపోటు, కాన్పులో రక్తం ఆగకపోవడం, ఇలాంటప్పుడు ప్రశ్నలు వేస్తూ కూర్చోకండి. 108 పిలవండి. ప్రాణం మీదికొస్తే ఒప్పుదల కోసం ఆగకుండా వైద్యం చేయొచ్చని ఆ 2008 తీర్పులోనే ఉంది.

మిగతా అన్నిటికీ ఈ నాలుగు ప్రశ్నలు. మా సొంతం కాదు, డాక్టరు రోగికి చెప్పి తీరాలని సుప్రీంకోర్టు అన్నవే:

1. ఏం చేస్తారు, ఎందుకు, దానివల్ల లాభమేంటి?
2. ఇంకో దారి ఉందా?
3. ఇందులో ఉన్న పెద్ద ప్రమాదాలేంటి?
4. చేయించుకోకపోతే ఏమవుతుంది?

ఐదోది మేము కలుపుతున్నాం: "రిపోర్టులు ఇవ్వండి, ఇంకొకరికి చూపించుకుని వస్తాం." అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని అదే 2002 నిబంధనల్లో ఉంది.

సంఘానికి మా డిమాండు ఇది. కల్యాణ మండపానికి, వనభోజనాలకు చందాలు వేసుకుంటున్నాం, మంచిదే. ఈసారి మీటింగులో ఒక గంట దీనికి కేటాయించండి. ఈ ప్రశ్నలు తెలుగులో, కన్నడంలో అచ్చు వేయించి ప్రతి క్యాంపుకూ పంచుదాం. కన్నడం, ఇంగ్లీషు చదవగల పిల్లల పేర్లు రాసుకుని, అవసరమైన ఇంటికి ఒకరిని తోడు పంపుదాం. ప్రాణం మీదికి రాని ఏ ఆపరేషన్ అయినా ఇంకో డాక్టరుకు చూపించాకే అడ్వాన్సు కట్టాలని మాట అనుకుందాం. ఆ మీటింగులో ముందు వరసలో ఆడవాళ్లు కూర్చోవాలి, ముందు వాళ్లే మాట్లాడాలి. ఆడవాళ్ల మీటింగు వేరేగా పెడదామనే పెద్దలకు ఒకటే మనవి: సంతకం పెట్టేది మీరు కాబట్టి, వినాల్సింది కూడా మీరే.