బొమ్మబిళ్లల యెర

గత 2025వ సంవత్సరము ఆగస్టు మాసమున జపానునుండి వెలువడిన యొక వార్తను మన పాఠకులలో పెక్కుమంది వినోదముగా చదివి మఱచిపోయి యుందురు. మెక్డొనాల్డు కంపెనీవారు ఆ దేశమందలి తమ భోజనశాలలలో పిల్లల భోజనపు పెట్టె కొన్నవారికి పోకెమాన్ చీట్లను ఉచితముగా నిచ్చెదమని ప్రకటించిరి. పోకెమాన్ అనునది 1996లో నింటెండో కంపెనీవారి చేతియాట యంత్రముకొఱకు పుట్టిన వీడియోగేము. ముప్పదియేండ్లనాటి యా యాటపై జనులకు నేటికిని మోజు తీరలేదు. చీట్లకై మూగినవారు బాలురు మాత్రమే కారు, పెద్దలును మూగిరి, వారిలో తిరిగి అమ్ముకొను బేరగాండ్రును కలరు. పెట్టెలకు పెట్టెలు కొని, చీట్లను జేబున వేసికొని, తిండిని ముట్టనైన ముట్టక విడిచిపోయిరి. తుదకు కంపెనీవారు బహిరంగముగా క్షమాపణము చెప్పుకొనవలసివచ్చెను. అన్నము పరబ్రహ్మస్వరూపమని నమ్మి, విస్తరిలో నాలుగు మెతుకులు మిగిల్చిన పిల్లవానిని కసరుకొను ఇండ్లలో పుట్టిన మనకు ఈ వార్త నవ్వు పుట్టింపరాదు.

ఎక్కడి జపాను, ఎక్కడి గోదావరిఖని యందురా? ఆ యెర మన బొగ్గుబాయిల యూళ్లకు ఇరువదియేండ్లక్రిందటనే వచ్చి చేరినది. అమెరికాలో ఈ కంపెనీవారు 1979లో హ్యాపీమీల్ అనుపేర పిల్లల భోజనముతో ఆటబొమ్మను జతపఱచిరి. 1990లో సూపర్ మారియో అను వీడియోగేము బొమ్మలను ఆ పెట్టెలలో నుంచిరి. మనదేశమున వారి తొలి భోజనశాల 1996లో ఢిల్లీ నగరమున తెఱవబడెను. కాని గోదావరిఖని, మందమఱ్ఱి, బెల్లంపల్లి పిల్లలు ఢిల్లీకి పోవలసిన పని లేకపోయెను. కిరాణా దుకాణపు గుమ్మమున దండగా వ్రేలాడు చిప్సు పొట్లమే వారి పాలిటి భోజనశాల యయ్యెను. ఆ పొట్లములో టాజో యను ప్లాస్టిక్ బిళ్ల యుండెడిది. గుండ్రనిది, అంచున గాట్లు గలది; ఒకదాని గాటులో మఱొకదానిని దూర్చి గోపురములు కట్టవచ్చును; పేర్చి కొట్టి గెలుచుకొననువచ్చును. 2000వ సంవత్సరము దాటిన పిమ్మట ఆ బిళ్లపై పోకెమాన్ బొమ్మలు వెలసినవి. బొమ్మతోపాటు ఒక యంకె. ఆ యంకెయందే సమస్త మర్మమును ఇమిడియున్నది.

సేద్యము చేయువారికిని వర్తకము చేయువారికిని మేము లెక్కలు చెప్పనక్కఱలేదు గాని, ఈ లెక్క మాత్రము వినదగినది. ఒక వరుసలో 50 బిళ్లలున్నవనుకొందము. అన్నియు సమానముగానే పొట్లములలో కలిసియున్నవనియు ననుకొందము. వరుస పూర్తిచేయుటకు బాలుడెన్ని పొట్లములు కొనవలెను? గణితశాస్త్రము చెప్పు సగటు 225. మొదటి 25 బిళ్లలును 34 పొట్లములలోనే చిక్కును. ఇంత సులువా యని బాలుడు మురియును. అటుపిమ్మట వచ్చినవే మఱల మఱల వచ్చును. తక్కిన 25 బిళ్లలకు 190 పొట్లములు చాలవు. తుదిబిళ్ల యొక్కదానికే సగటున 50 పొట్లములు చింపవలెను. పొట్లము అయిదు రూపాయలైనచో మొత్తము 1,125 రూపాయలు. ఇది కంపెనీవారు నిజాయితీగా బిళ్లలన్నియు సమానముగా కలిపినపుడు! ఒకటి రెంటిని కావలెనని అరుదుచేసిరేని లెక్క ఎంతవఱకు పోవునో పాఠకులే యూహింపగలరు. ఉచితమన్న మాటకు అర్థమిది.

పిల్లవాండ్రు ఈ గణితమును ఏ పుస్తకమునను చదువలేదు. అయినను దానికి విరుగుడు తామే కనిపెట్టిరి. రెండుగానున్న బిళ్లను లేనివానికిచ్చి, తనకు లేనిదానిని పుచ్చుకొనుట. ఒక యరుదైన బిళ్లకు మూడు మామూలు బిళ్లలు. వన్నె తగ్గినదైన మఱొకటి కొసరు. క్వార్టర్ల మెట్లపైనను, బడి గోడ నీడలోను జరిగిన యీ మారకమున ఎనిమిదేండ్ల బాలుడు చూపిన చాకచక్యము మన ధాన్యపు మార్కెటులో దళారికిని లేదని మేము సాహసించి చెప్పగలము. కంపెనీవారు అంకెలు వేసి లోటును పుట్టించిరి. పిల్లలు పంచుకొని ఆ లోటును పూడ్చుకొనిరి. ఈ విషయమున మా మెప్పు పిల్లలకే చెందును గాని కంపెనీలకు గాదు.

ఈ విద్య క్రొత్తదియు గాదు. వెనుక మాంచెస్టరు మిల్లులవారు మన దేశమునకు ఎగుమతిచేసిన గుడ్డతానులపై రంగురంగుల బొమ్మచీట్లు అంటించి పంపెడివారు. వానిపై నుండినవి ఇంగ్లాండు దొరల బొమ్మలు మాత్రమే కావు. మన దేవుళ్లు, మన దేవతలు, మన యేనుగులు. గుడ్డ చినిగిపోయినను చీటి గోడపై నిలిచెడిది. మన నేతగాని మగ్గము మూలబడుచుండగా మన దేవతలే పరదేశపు తానుకు కావలి కాసిరి. సిగరెట్టు పెట్టెలలో బొమ్మకార్డులుంచుట పందొమ్మిదవ శతాబ్ది చివరనే పుట్టినది. మా తరమువారు బినాకా పళ్లపొడిముద్ద పెట్టెలో చిన్న చిన్న ప్లాస్టిక్ జంతువులను, బిగ్‌ఫన్ బబుల్‌గమ్ చుట్టలో క్రికెట్ ఆటగాండ్రను ఏఱుకొన్నవారే. కాబట్టి నేటి బిళ్లను చూచి, మేమెన్నడును ఇట్టి వెఱ్ఱి యెఱుగమని పెద్దలు గొప్పలు చెప్పుకొనుట తగదు.

అయితే ఒక భేదము కలదు. పళ్లు తోముకొను ముద్ద బొమ్మ యున్నను లేకున్నను ఇంటికి వచ్చితీరును. తండ్రి దానిని కొనునది పళ్లకొఱకే. చిప్సు పొట్లమును బాలుడు కొనునది బిళ్లకొఱకు. ఉప్పును నూనెయు బిళ్లవెంట కడుపులోనికి పోవును. మఱొక యుదాహరణము: హైదరాబాదున తయారగు చార్మినార్ సిగరెట్టు పెట్టెల యట్టలను మన తెలంగాణపు పిల్లలు వీథులలో ఏఱి, నేలపై గీత గీచి, పేర్చి, దూరమునుండి రాయి విసరి గెలుచుకొనెడివారు. పెట్టెరకమునుబట్టి విలువను తామే కట్టెడివారు. పాఱవేసిన దానినుండి ఆటను కల్పించుకొనిన పిల్లలు వేఱు; ఆటను చూపి పాఱవేయదగిన దానిని తినిపింపబడిన పిల్లలు వేఱు.

1995లో బెంగుళూరున కెంటకీ కోడిమాంసపు భోజనశాల వెలసినపుడు కర్ణాటక రాజ్య రైతుసంఘమువారు ప్రొఫెసర్ నంజుండస్వామి నాయకత్వమున దానిని ప్రతిఘటించిరి. 1996 జనవరిలో ఆ శాలపై దాడియు జరిగెను. అద్దములు పగులగొట్టుట మాకు సమ్మతము గాదు. కాని పరదేశపు తిండి మన రైతు నేమి చేయునని వారడిగిన ప్రశ్న న్యాయమైనదే. వారి చూపు పెద్ద ద్వారముపై నుండగా, చిన్నబిళ్ల కిటికీగుండ లోపలికి వచ్చినది.

ఇది డబ్బు నష్టముతో పోవు విషయమైన యెడల మేమింత వ్రాసెడివారము గాము. 1999లో అమెరికాలో బర్గర్ కింగ్ కంపెనీవారు భోజనముతో నిచ్చిన పోకెమాన్ బంతి రెండు చిప్పలుగా విడివడెడిది. ఆ చిప్ప ముక్కును నోటిని మూసివేయగా ఒక పసిబిడ్డ ఊపిరాడక మరణించెను. రెండున్నర కోట్లకు పైబడిన బంతులను కంపెనీవారు వెనుకకు పిలువవలసివచ్చెను. దూరదేశపు కథ యని త్రోసివేయుటకు వీలు లేదు. 2017 నవంబరులో మన యేలూరునందే నాలుగేండ్ల బాలుడొకడు చిరుతిండి పొట్లములో వచ్చిన చిన్న ప్లాస్టిక్ బొమ్మను తినుబండారముతోపాటు మ్రింగి ప్రాణము విడిచెను. తినదగినదానిలో తినరానిదానిని కలిపి, చదువురాని వయసు పిల్లవాని చేతికిచ్చి, పొట్లము వెనుక హెచ్చరిక వ్రాసితిమనుట ఏమి న్యాయము?

పరదేశములు ఊరకుండలేదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరసభవారు 2010లో, ఆరోగ్యపు కొలతలకు తగని పిల్లల భోజనముతో బొమ్మ నుచితముగా నీయరాదని శాసించిరి. దక్షిణ అమెరికాలోని చిలీ దేశము 2016లో అమలులోనికి తెచ్చిన చట్టముచే, ఉప్పు చక్కెర కొవ్వు మితిమీఱిన తిండితో పిల్లలకు బొమ్మల నెర చూపుట నిషేధించెను. చిలీయు మన బొగ్గుసీమవలెనే గనులపై బ్రదుకు దేశము. మనదేశమున 2020 సంవత్సరపు ఆహారభద్రతా నిబంధనలచే అట్టి తిండిని బడి ఆవరణమునకు 50 మీటర్లలోపల అమ్మరాదు, ప్రకటింపరాదు. మంచిదే. 51వ మీటరున దుకాణముండుటకు మాత్రము అడ్డులేదు. కొలబద్ద పట్టుకొని బడి గోడనుండి దూరము కొలుచుటకంటె, అట్టి పొట్లములో బొమ్మ యుండరాదని యొక్కమాట శాసించుట సులభము. బొమ్మ నమ్మదలచినవారు బొమ్మగానే వెలకట్టి యమ్ముకొందురు గాక.

తల్లిదండ్రులు కాదనలేరా యని కొందఱు పెద్దమనుష్యులు ప్రశ్నింతురు. రాత్రిషిఫ్టు దిగివచ్చి పగలు నిద్రించు బాయిపనివాని యింటిని వారొకసారి చూడవలెను. రెండుగదుల క్వార్టరు. తండ్రి కన్ను మూయవలెనన్న పిల్లవాడు నోరు మూయవలెను. తల్లి అయిదురూపాయల బిళ్ల నొకటి వాని చేతబెట్టి బయటికి పంపును. ఆ తల్లిని తప్పుపట్టుటకు మాకు నోరురాదు.

ఈ చర్చలో మఱొక సలహా వినవచ్చును. పరదేశపు పోకెమాన్ బదులు నిర్మల బొమ్మనో, కొండపల్లి బొమ్మనో పొట్లములో పెట్టించినయెడల స్వదేశీయ మగునుగదా యని. గోదావరి కావలనున్న నిర్మల కొయ్యబొమ్మలు గోదావరిఖని దుకాణములలో కానరాకుండుట మాకును దుఃఖమే. కాని ఎర స్వదేశీయమైనంతమాత్రమున గాలము మెత్తబడదు. నిర్మల బొమ్మను నిర్మల బొమ్మగానే పిల్లవానికి కొనియిండు.

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి, నాటి బిళ్లలను నేడు వెదకి కూడబెట్టువారిని మేము పరిహసించుచున్నామని యెవరును తలంపవలదు. నాటి బాలురకు నేడు ముప్పదియేండ్లు దాటినవి. హైదరాబాదునను, విదేశములలోను ఉద్యోగములు చేయుచు, పాత టాజోలను, సమురాయ్ వీడియోగేము పెట్టెలను, దాని క్యాసెట్లను వెలయిచ్చి కొనుచున్నారు. ప్లాస్టిక్ ముక్కకు ఇంత సొమ్మాయని బంధువులు ముక్కున వ్రేలువైచుకొనుచున్నారు. మాకట్లు తోచదు. ఏలయనగా, వారు పుట్టిన యూరే వారి కన్నులయెదుట మాఱిపోవుచున్నది. 1889లో ఇల్లందుప్రాంతమున బొగ్గుత్రవ్వక మారంభించిన సింగరేణి కంపెనీ 1960 ప్రాంతమున గోదావరిఖనికి వచ్చినది. 1990 ప్రాంతమున కంపెనీలో లక్షకు పైబడియున్న కార్మికుల సంఖ్య నేడు నలువదివేల చుట్టుప్రక్కలకు దిగినది. భూగర్భగనులు ఒక్కొక్కటియే మూతబడుచున్నవి. ఉపరితలగనులు పొలములను, పల్లెలను మ్రింగుచున్నవి. ఈ మాట మా పాఠకులలో భూమి పోగొట్టుకొన్నవారికి మేము చెప్పనక్కఱలేదు. పేరుబదులు అంకెతో పిలువబడు ఇంక్లైన్లచుట్టు పుట్టిన కాలనీలలో పెరిగినవానికి, చూపించుకొనుటకు పూర్వుల మేడ లేదు, మామిడితోట లేదు. క్వార్టరు కంపెనీది. తండ్రి పదవి విరమించిననాడు తాళముచెవి నప్పగించి పోవలసినదే. వానికి మిగిలినది ఒక బిస్కెట్ల డబ్బా, దానిలో కొన్ని బిళ్లలు.

బిళ్ల యనగా మఱొకటి స్మరణకు వచ్చుచున్నది. గనిలోనికి దిగువాడు దీపపుగదిలో తన అంకె చెక్కిన లోహపుబిళ్ల నిచ్చి తలదీపము తీసికొనుట గనులందలి పద్ధతి. పనిదిగి వచ్చి దీపమప్పగించినపుడు బిళ్ల మఱల చేతికి వచ్చును. దీపపుగది కొక్కెమున బిళ్ల మిగిలియున్నచో, ఆ యంకెగల మనుష్యు డింకను లోపలనే యున్నాడన్నమాట. తండ్రి యట్లు అంకెబిళ్లతో బాయికి దిగుచుండగా, కొడుకు ఇంటికడ అంకెబిళ్లలు వరుస పేర్చుచుండెను. ఈ రెండుబిళ్లలును ఒక్కచోట నుంచి చూపు అఱ సింగరేణి సీమలోని యే గ్రంథాలయముననైన నొకటి యుండుట ఆవశ్యకము. బొగ్గు టన్నుల లెక్కలు కంపెనీవారి నివేదికలలో భద్రముగా నుండును. ఆ బొగ్గునీడన పెరిగిన పిల్లల యాటలకు నివేదిక వ్రాయువా డెవడును లేడు. కంపెనీవారును పురపాలకసంఘమువారును ఒక గదిని, రెండు గాజుబీరువాలను ఇచ్చుటకు పెద్ద వ్యయము గాదు. వస్తువులను కూడబెట్టినవారు ఇదివఱకే యున్నారు. అడిగినచో కొన్నింటి నిత్తురు.

దసరాకు ముందు లాభాలవాటా చేతికందగానే బొగ్గుసీమ యిండ్లలో వెల్లలు వేయుదురు. అటుకపైనుండి పాతడబ్బాలన్నియు క్రిందికి దిగును. ఇంటిముందు పాతసామాను కొనువాని బండి నిలిచియుండును. ఈ యేడు అట్టి డబ్బా దిగినయెడల తూకమునకు వేయకముందు మూత తీసి చూడుడు. బిళ్లలుండిన అంకెల వరుసన పేర్చి, ఏ యేట, ఏ దుకాణమున కొన్నవో జ్ఞప్తియున్నంతవఱకు ఒక కాగితముపై వ్రాసి లోపల నుంచుడు. తండ్రి దీపపుబిళ్లయు ఇంట దొరకినచో దానినిగూడ ఆ డబ్బాలోనే పెట్టుడు.