శంకర్... పక్కన జైకిషన్!

పల్నాడు జిల్లా వెల్దుర్తిలో ఎవరైనా వీధి చివర నిలబడి ‘రామయ్యా, వస్తావయ్యా’ అని కేకేశారనుకోండి. ‘ఆఁ... వస్తన్నా’ అంటూ ఏ అరుగు మీద నుంచో బదులొస్తుంది. అందులో అర్థం కాకపోవడానికి ఏముంది? కానీ ఇదే మాటని 1955 నుంచీ ఢిల్లీలో, లక్నోలో, పాట్నాలో జనం అర్థం తెలియకుండానే పాడుకుంటున్నారు. రాజ్‌కపూర్ ‘శ్రీ 420’ సినిమాలోని పాట అది. రాసింది శైలేంద్ర. పాడింది మహమ్మద్ రఫీ, లతా మంగేష్కర్, ముకేశ్. వీళ్లలో ఒక్కరూ తెలుగువాళ్లు కారు. మరి హిందీ పాటలోకి మన రామయ్య ఎలా వచ్చాడు?

ఆ రామయ్యని వెంటబెట్టుకెళ్లింది హైదరాబాదులో పెరిగిన ఓ తబలా వాద్యకారుడు. పేరు శంకర్ సింగ్ రఘువంశీ. శంకర్-జైకిషన్ జంటలో మొదటి సగం. ఆ పాటలు తెలియని ఇల్లు ఉండదు. కానీ శంకర్‌కి మన గడ్డతో ఉన్న అనుబంధం చాలామందికి తెలీదు. అంతకన్నా తెలియాల్సింది మరొకటుంది... చివరి రోజుల్లో ఆయన ఒక పేరు కోసం పట్టిన పట్టు.

కసరత్తు, తబలా

1922 అక్టోబరులో పుట్టిన శంకర్‌కి చిన్నప్పటి నుంచీ రెండే పిచ్చిలు. ఒకటి కుస్తీ, రెండోది తబలా. కండలు తిరిగిన ఆ చేతులే తబలా మీద పడితే వినేవాళ్లు కదలకుండా కూర్చునేవారట. హైదరాబాదులో ఉండగా ఉర్దూతోపాటు తెలుగూ చెవిన పడింది. ఓ నాటక బృందంలో చేరి ఊళ్లు తిరిగాడు. అటు నుంచి బొంబాయిలోని పృథ్వీ థియేటర్‌కి చేరుకున్నాడు. పృథ్వీరాజ్ కపూర్ 1944లో ప్రారంభించిన నాటక సంస్థ అది. అక్కడ తబలా వాయిస్తూనే సితార్, అకార్డియన్, పియానో నేర్చుకున్నాడు. చిన్న చిన్న వేషాలూ వేశాడు.

సినిమా అవకాశాల కోసం ఓ గుజరాతీ దర్శకుడి ఆఫీసు చుట్టూ తిరుగుతున్నప్పుడు అక్కడే కాచుకుని కూర్చున్న మరో కుర్రాడు కనిపించాడు. దక్షిణ గుజరాత్‌లోని వాంస్దా నుంచి వచ్చాడు. హార్మోనియం బాగా వాయిస్తాడు. పేరు జైకిషన్. శంకర్ కన్నా ఏడేళ్లు చిన్న. దర్శకుడు ఎంతకీ పిలవలేదు. ఈలోగా బయట కూర్చున్న ఇద్దరికీ స్నేహం కుదిరింది. ‘మా థియేటర్‌లో హార్మోనియం వాయించేవాడు కావాలి, వస్తావా’ అన్నాడు శంకర్. జైకిషన్ వెళ్లాడు. అంతే, హిందీ సినిమా పాట తలరాత మారిపోయింది!

అందరూ కుర్రాళ్లే

పృథ్వీరాజ్ పెద్దకొడుకు రాజ్‌కపూర్ తన మొదటి సినిమా ‘ఆగ్’ (1948)కి రామ్ గంగూలీతో సంగీతం చేయించుకున్నాడు. శంకర్, జైకిషన్ ఆయనకి సహాయకులు. రెండో సినిమా ‘బర్సాత్’ నాటికి ఆ ఇద్దరికే పగ్గాలు అప్పజెప్పాడు. పాటలు రాయడానికి రైల్వే వర్క్‌షాపులో పనిచేసే శైలేంద్రనీ, బస్సు కండక్టరుగా చేసిన హస్రత్ జైపురీనీ తెచ్చుకున్నాడు. పాడింది అప్పుడప్పుడే పైకొస్తున్న లత. 1949లో ‘బర్సాత్’ విడుదలయ్యేనాటికి వీళ్లలో ఎవరికీ ముప్ఫై ఏళ్లు నిండలేదు. జైకిషన్‌కి ఇరవై కూడా సరిగ్గా లేవు.

ఆ తర్వాత 1951లో ‘ఆవారా’. దాని పాటలు సోవియట్ రష్యా వీధుల్లోనూ మారుమోగాయి. ‘శ్రీ 420’, ‘చోరీ చోరీ’, ‘బసంత్ బహార్’, ‘అనాడీ’, ‘ప్రొఫెసర్’, ‘సంగమ్’... రెండు దశాబ్దాలపాటు వాళ్లదే రాజ్యం. పెద్ద వాద్యబృందాన్ని పెట్టి, పదుల కొద్దీ వయొలిన్లు ఒక్కసారిగా పలికిస్తారు. ఆ హంగామా మధ్య కూడా బాణీ మాత్రం పనిపాటలు చేసుకునేవాళ్లు కూనిరాగం తీసేంత సులువుగా ఉంటుంది. అదే వాళ్ల కిటుకు. భైరవి రాగాన్నయితే ఎన్ని రకాలుగా వాడారో! ఉత్తమ సంగీత దర్శకులుగా తొమ్మిది ఫిలింఫేర్ అవార్డులు, 1968లో పద్మశ్రీ వాళ్లని వెతుక్కుంటూ వచ్చాయి.

మనింటికీ వచ్చారు

తెలుగువాళ్లకి వీళ్ల సంగీతం హిందీ ద్వారానే రాలేదు. 1953లో వచ్చిన రాజ్‌కపూర్ సినిమా ‘ఆహ్’ని తెలుగులో ‘ప్రేమలేఖలు’గా మార్చారు. ఆరుద్ర మాటలు పొదిగితే ఎ.ఎం.రాజా, జిక్కి పాడారు. అందులో జిక్కి పాడిన పెళ్లిపందిరి పాట ఎన్ని ఊళ్లలో, ఎన్ని పెళ్లిళ్లలో మైకుల్లో మోగిందో లెక్కే లేదు. ఆ బాణీ ఎవరిదని అడిగినవాళ్లు మాత్రం తక్కువ. తాతినేని ప్రకాశరావు హిందీలో తీసిన ‘ససురాల్’ (1961), ‘సూరజ్’ (1966) చిత్రాలకూ వీళ్లే సంగీతం ఇచ్చారు. ‘ససురాల్’ మన ‘ఇల్లరికం’ కథే. ఎన్టీఆర్, వాణిశ్రీ నటించిన ‘జీవితచక్రం’ (1971)తో నేరుగా తెలుగు సినిమాకే పనిచేశారు.

ఇక రామయ్య సంగతి. బొంబాయి నుంచి ఖండాలా వెళ్లే దారిలో ఓ చిన్న హోటల్లో రామయ్య అనే తెలుగు కుర్రాడు పనిచేసేవాడట. శంకర్ వెళ్లినప్పుడల్లా తెలుగులోనే పలకరించేవాడట. ఓ రోజు పిలిస్తే ఎంతకీ రాలేదు. ‘రామయ్యా, వస్తావయ్యా’ అంటూ శంకర్ దాన్ని రాగంలో అనడం మొదలెట్టాడు, జైకిషన్ బల్ల మీద దరువేశాడు, పక్కనున్న శైలేంద్ర దానికి హిందీలో కొనసాగింపు చెప్పాడు. సినీ జనం తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. నిజానిజాల మాటెలా ఉన్నా, పాట మాత్రం ఉండాల్సిన చోటే ఉంది. సినిమాలో దాన్ని పాడేది బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికే పేదలు. ఆ నగరాన్ని కట్టిన కూలీల్లో తెలుగువాళ్లు ఎందరో. కామాఠీపురా అన్న పేరే అక్కడికి వలసపోయిన మన కామాఠీల వల్ల వచ్చింది. వాళ్ల నోటి మాట వాళ్ల పాటలోకి చేరిందన్నమాట.

చెదిరిన జంట

ఇద్దరూ కలిసే పనిచేసినా బాణీలు విడివిడిగా కట్టేవారు. శంకర్‌కి శైలేంద్ర, జైకిషన్‌కి హస్రత్ ఎక్కువగా రాసేవారు. ఏ పాట ఎవరిదో బయటికి చెప్పకూడదన్నది ఇద్దరి మధ్యా ఒప్పందం. అరవైల మధ్యలో అది బీటలు వారిందంటారు. ‘సూరజ్’తో శారద అనే కొత్త గాయనిని శంకర్ పరిచయం చేశాడు. ఆమెకి పాటలివ్వడం చాలామందికి నచ్చలేదు. అన్నదమ్ముల్లాంటివాళ్ల మధ్య దూరం పెరిగింది. 1966 డిసెంబరులో శైలేంద్ర చనిపోవడంతో శంకర్‌కి పెద్ద అండ పోయింది. అయినా ఇద్దరూ విడిపోయామని ప్రకటించలేదు. సినిమాల మీద పేరు ఎప్పట్లా కలిసే పడేది.

1971 సెప్టెంబరు 12న కాలేయ వ్యాధితో జైకిషన్ కన్నుమూశాడు. అప్పటికి ఆయనకి నలభై ఒక్క ఏళ్లే. ఇంకొకరైతే ఏం చేసేవారు? ‘ఇకమీదట సంగీతం: శంకర్’ అని వేయించుకునేవారు. మనస్పర్థలు వచ్చిన మాట లోకానికి తెలుసు, తప్పుపట్టేవాళ్లూ ఉండరు. శంకర్ ఆ పని చేయలేదు. తానొక్కడే బాణీలు కట్టి, తానొక్కడే రికార్డింగులు చేసి, తెర మీద మాత్రం ‘శంకర్-జైకిషన్’ అనే వేయించాడు. ఒకటీ రెండూ సినిమాలకి కాదు, పదిహేనేళ్లకి పైగా!

కాలం మాత్రం కలిసిరాలేదు. రాజ్‌కపూర్ 1973లో తీసిన ‘బాబీ’కి లక్ష్మీకాంత్-ప్యారేలాల్ వచ్చారు. ‘బర్సాత్’ నుంచీ కలిసి నడిచిన స్నేహితుడి గుమ్మం అలా మూసుకుపోయింది. 1975లో ‘సన్యాసి’ పాటలు మోగిపోయినా పెద్ద సంస్థలు పిలవడం తగ్గిపోయింది. చిన్న సినిమాలొచ్చాయి, పోయాయి. వాటి మీదా రెండు పేర్లే.

1987 ఏప్రిల్ 26న శంకర్ వెళ్లిపోయాడు. దేశాన్నంతా పాడించిన మనిషి చివరి ప్రయాణంలో కుటుంబసభ్యులు, కొద్దిమంది తెలిసినవాళ్లు తప్ప ఎవరూ లేరంటారు. పరిశ్రమలో చాలామందికి ఆ కబురు ఆలస్యంగా అందింది.

ఆ తర్వాత 2013లో భారతీయ సినిమాకి నూరేళ్లయిన సందర్భంగా తపాలా శాఖ స్టాంపులు వేసింది. అందులో ఓ స్టాంపు మీద ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. అదే ఏడాది ఆ పాట పల్లవినే పేరుగా పెట్టుకుని హిందీలో ఓ సినిమా, తెలుగులో జూనియర్ ఎన్టీఆర్‌తో మరో సినిమా వచ్చాయి.

కలిసి సంపాదించిన పేరుని కష్టమొచ్చాక కూడా పంచుకోవడం తేలిక కాదు. అన్నదమ్ములు పొలం పంచుకున్నాక గెట్టు దగ్గర పలకరించుకోవడమే గగనమైన ఇళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. గొడవపడినవాడు పోయాక కూడా అతని వాటా తీయకుండా ఉంచినవాడు శంకర్. ఈసారి రేడియోలో ఆ పాట వినబడితే పిల్లలకి ‘రామయ్యా, వస్తావయ్యా’ అంటే ఏమిటో వెల్దుర్తివాళ్లు చెప్పనక్కర్లేదు. దాన్ని అంత దూరం తీసుకెళ్లిన మనిషి ఎవరో చెబితే చాలు.